విల్లుచింత

కూకోండి, కూకోండి. ఒరే బాలిరెడ్డీ, ఆ సెల్లు లోపలెట్టు, దాని లైటు నా కంట్లో పొడుస్తంది. నన్ను చుట్ట ముట్టించుకోనివ్వండి ముందు, తర్వాత మీ ఇష్టం, ఇంటే ఇనండి లేకపోతే లేదు.

తూముచెరువు అవతల గట్టు మీద ఒంటిగా ఉంటాదే చింతచెట్టు, దాన్ని విల్లుచింత అంటారు. ఏడాదేడాదీ కాయ రాలి నేల నిండిపోద్ది, ఒక్కరంటే ఒక్కరు ఏరుకోరు. పులుసులోకి చింతపండు సంతలో కొనుక్కునైనా తెచ్చుకుంటాం గానీ ఆ చెట్టు కిందకెళ్ళం. మేకలు కూడా అటు మొహం తిప్పవు. మేకకున్నపాటి బుద్ధి మీకు లేదనే కదా ఈ కథ చెప్తన్నాను. రేపు ఆ చెరువుకి పిట్టల కోసం ఎల్దారని మీరంతా గుసగుసలాడుకోడం నేను ఇన్నాన్లే. నాకు కళ్ళు మందగించాయి గానీ చెవులు బాగానే ఉన్నాయి.

మీ తాత పండురెడ్డి చెప్పిందే చెప్తాను, నేను కలిపింది ఏమీ లేదు. మీ తాత, తమ్మిరెడ్డి, సోమిరెడ్డి, ఈ ముగ్గురూ ఎక్కడికెళ్ళినా కలిసే ఎల్లేవోరు. అందులో తమ్మిరెడ్డీ సోమిరెడ్డీ నేస్తం కట్టినోళ్ళు. నేస్తం అంటే ఇప్పుడు మీరు పొద్దున్న కలిసి సాయంత్రం కొట్టుకుంటారే, అది కాదు. కొండదేవర ముందు ఒకే దొప్పలో కల్లు తాగి నేస్తం కట్టేరంటే ఇంక తోడబుట్టినోళ్ళ లెక్కే, ఒకడు పోతే రెండోవోడు మట్టెయ్యాలి. మరి విల్లు పట్టడంలో తమ్మిరెడ్డిని మించినోడు ఈ కొండల్లో లేడు. ఆ సంగతి అందరికంటే ముందు ఆడికే తెలుసు, అదే ఆడికొచ్చిన తెగులు.

చలికాలం ఒచ్చిందంటే చెరువులోకి గూడబాతులు దిగేవి. మీరు చూళ్ళేదు. ముక్కు కింద సంచీ ఏలాడతా, ఒక్కోటి మేకపిల్లంత ఉంటాది. మాంసం చేపకంపే గానీ కొవ్వు కాచి కీళ్ళకి రాసుకుంటే ముసలోళ్ళు లేచి నడిచేవోరు. ఇప్పుడు కొట్టకూడదంట, జైల్లో పెడతారంట, మంచిదే. అప్పట్లో ఎలా కొట్టేవోరంటే, ఒకడు ఎండిన ఆనపబుర్ర తలకి పెట్టుకుని, దాని మీద గూడబాతు తోలు తొడిగి, పీకల్లోతు నీళ్ళలోకి దిగేవోడు. పిట్టలేమో ఇదీ మన తోడుదే అనుకునేవి. ఆడు మెల్లిగా, మెల్లిగా వాటిని జమ్ములోకి తోలుకొచ్చేవోడు, జమ్ములో మిగతా ఇద్దరూ విల్లు పట్టుకుని కూకునేవోరు. గూడబాతు బరువు కదా, ఉన్నపళాన లేవలేదు, రెక్కలు బారజాపి నీళ్ళ మీద పరిగెట్టి లేవాలి. అందుకని రెక్క ఇప్పిన దాన్నే కొట్టాలి, ముడుచుకున్న దాన్ని కొట్టకూడదు. ఎందుకూ? ఆనపబుర్ర రెక్క ఇప్పదు కదా. ముడుచుకున్నది మన మనిషే అవ్వొచ్చు.

ఇంకో మాట ఉంది, ఇది ఇనకపోతే కథ ఇన్నట్టే కాదు. నీళ్ళలోకి దిగేవోడు తన విల్లు తాడెక్కించి ఆ చింతకొమ్మకి తగిలించి దిగాలి. చెట్టుకి తాడెక్కించిన విల్లుందంటే నీళ్ళలో మనిషున్నాడని గుర్తు, అటొచ్చినోడు ఎవడైనా జాగర్తపడతాడు. ఆడు గట్టెక్కినాక ఆడే విల్లు వంచి తాడు దించుకోవాలి, ఇంకోడు ముట్టుకోకూడదు. ఒకేళ ఆడు పోయేడంటే తోడబుట్టినోడు దించాలి. అలా దించేవోడు, ఆరోజు తన అంబు ఎక్కడికెళ్ళిందో నిజం పైకి చెప్పి దించాలి. అబద్ధమాడితే తాడు బిగిసిపోద్దనేవోరు.

ఆరోజు సోమిరెడ్డి దిగేడు. పొద్దు వాలతంది. పిట్టలు జమ్ము దాకా ఒచ్చేయి. మీ తాత ఎడమపక్కన పిట్టని చూస్తన్నాడంట, ఇంతలో తమ్మిరెడ్డి తాడు టంగుమంది, పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయేయి, ఒక్కటి మటుకు లెగలేదు. నీళ్ళలో అలాగే పక్కకి ఒరిగిపోయింది. మరింకేం చెప్పను? అంబు ఆనపబుర్రలోంచి తలలోకి దిగింది.

ఊళ్ళో అడిగితే తమ్మిరెడ్డి, రెక్క ఇప్పిందనే కొట్టేనన్నాడు. బుర్రకి రెక్కెలా ఒస్తదిరా అంటే, సోమిగాడే తోలు పట్టుకుని ఊపి ఉంటాడు, తొందరపాటు మనిషి కదా అన్నాడు. ఊరంతా అదే అనుకుంది, తన చావు తనే తెచ్చుకున్నాడని. సోమిరెడ్డి పెళ్ళాం చెల్లమ్మ ఆ మాటలు ఇంటానే శవానికి నీళ్ళు పోసింది. పాపం దానికి ఏడుపు రాలేదు, రాయిలాగ అయిపోయింది. నేను పక్కనే ఉన్నాను, నాకూ రాలేదు.

సోమిరెడ్డికి అన్నదమ్ముల్లేరు. విల్లు తాడు నేస్తమే దించాలి. తమ్మిరెడ్డి చెట్టు కిందకెళ్ళి, నా అంబు రెక్క ఇప్పిన దానికి తగిలింది అని పైకి చెప్పి విల్లు వంచేడు. వంగలేదు. అంత చెయ్యి ఉన్నోడు, మోకాలు పెట్టి వంచినా వంగలేదు. తాడు నానిందిలే, ఎండినాక దించొచ్చన్నారు పెద్దలు. మళ్ళీ కొమ్మకే తగిలించేసి ఒచ్చేశారు.

ఇంక ఆ మర్నాటి నుంచీ, పొద్దు వాలే యేళకి చెట్టు మీద తాడు టంగుమనేది. ఊళ్ళోకి ఇనపడేది. చెరువులో ఒక్క గూడబాతు, రెక్క ముడుచుకుని, జమ్ములోకి మెల్లిగా ఒచ్చి ఆగిపోయేది. చెల్లమ్మ తమ్మిరెడ్డి గుమ్మంలోకెళ్ళి, బావా, నా మొగుడింకా నీళ్ళలోనే ఉన్నాడు, పిలిచేవోడు లేక అలాగే నిలబడి ఉన్నాడు, చలికి ఒణికిపోతా ఉంటాడు, ఏం జరిగిందో చెప్పి ఆ తాడు దించెయ్యి, నేను నిన్ను ఒక్క మాట అనను అనేది. రోజూ అదే మాట. ఆడు రోజూ, రెక్క ఇప్పింది అనేవోడు.

తర్వాతేమయింది? ఆడి వేళ్ళకి తిమ్మిరెక్కింది. తిమ్మిరేగా, ఇదిలిస్తే పోద్దనుకున్నాడు. పోలేదు. ఓ రోజు పొయ్యి మీద కుండ ఉత్త చేతుల్తో దించేడంట, కమురుకంపు కొడితే గానీ తెలీలేదు తన చెయ్యే కాలతందని. అన్నం ముద్ద చేతిలో ఉందో జారిపోయిందో కంచంలోకి చూసుకోవాలి. మోచేతులు పోయేయి, భుజాలు పోయేయి. నొప్పి లేదు, బాధ లేదు, భయం కూడా లేదన్నాడంట మీ తాతతో. అంత విల్లుగాడు, ఆఖరికి పెళ్ళాం తినిపిస్తే తినేవోడు.

అప్పుడు దిగొచ్చేడు. ఓ సాయంత్రం మీ తాతనీ చెల్లమ్మనీ ఎంటబెట్టుకుని చెట్టు కిందకెళ్ళేడు. నీళ్ళలో ఆ పిట్ట ఉంది. దానికేసి చూస్తా అన్నీ చెప్పేడంట. రెక్క ఇప్పలేదు నేస్తం అన్నాడంట. చన్నీళ్ళలో తాడు లాగిపెట్టి చాలాసేపు కూకున్నానని, వేళ్ళు మొద్దుబారిపోయేయని, తాడు వదులు చేసి మళ్ళీ లాగుదామంటే పండురెడ్డి చూసి నవ్వుతాడేమోనని సిగ్గేసిందని, అంబు దానికదే జారిపోయిందని, అసలు తను ఏ పిట్టకేసీ చూళ్ళేదని. చెయ్యి జారిందనడం చేతకాక నీ మీద పెట్టేనన్నాడంట.

చూశారా? చెయ్యి మొద్దుబారింది, ఇంతే సంగతి. ఎవరికి మొద్దుబారదు? ఆ మాటొక్కటి ఆరోజే అనుంటే, ఊరు నాలుగు తిట్టి ఊరుకునేది. పరువంట పరువు! నాకు తమ్మిరెడ్డి మీద కోపం ఇప్పటికీ పోలేదు. జాలీ పోలేదు.

నిజం చెప్పగానే కొమ్మ మీద విల్లు పచ్చికొమ్మలాగ మెత్తబడిందంట. చెల్లమ్మ దాన్ని తీసి ఆడి ఒళ్ళో పెట్టింది. వంచాలంటే చేతులేవి? రెండు చేతులూ దుంగల్లాగ ఏలాడతన్నాయి. మీ తాత సాయం పట్టబోతే వద్దన్నాడు, నా నేస్తం పని నేనే చెయ్యాలి, మీరు పొండి అన్నాడు. విల్లు మోకాళ్ళ సందున పెట్టుకుని, తాడు పళ్ళతో పట్టుకుని లాగడం మొదలెట్టేడంట. ఈళ్ళిద్దరూ చీకటి పడేదాకా దూరంగా నిలబడి చూసి ఇంటికొచ్చేశారు.

తెల్లారి ఎల్తే, చెట్టు మొదలుకి జారబడి అలాగే ఉన్నాడు. పళ్ళ మధ్య తాడు. ఒంటి మీద దెబ్బ లేదు. తాడు మటుకు దిగలేదు. చెల్లమ్మే ఆడి నోట్లోంచి తాడు తప్పించి, విల్లు మళ్ళీ కొమ్మకి తగిలించింది. ఎందుకే అంటే, ఇద్దరున్నారు కదా నీళ్ళలో, గుర్తుండాలి అంది. ఆ సాయంత్రం చెరువులో రెండు పిట్టలు, రెండూ రెక్క ముడుచుకునే. ఆ తాడు ఇంక ఎవరు దించుతారు? దించాల్సినోళ్ళిద్దరూ నీళ్ళలోనే ఉన్నారు.

మీ తాత మళ్ళీ విల్లు పట్టలేదు. ఆఖరి రోజుల్లో కూడా పొద్దు వాలితే నా చెయ్యి తీసుకుని తన వేళ్ళ మీద గిల్లమనేవోడు. నేను గిల్లేదాన్ని. అబ్బా అనేవోడు, అప్పుడు పడుకునేవోడు.

సరే, చుట్ట ఆరిపోయింది, లేవండి. రేపు ఎల్తామంటన్నారు కదా, ఎల్లండి, నేనేం కాళ్ళు పట్టుకోను. అక్కడ మీకు భయమెయ్యదు, ముందే చెప్తన్నాను. గట్టెక్కగానే వేలు గట్టిగా గిల్లుకోండి. నొప్పెడితే పరిగెత్తుకుంటా ఇంటికొచ్చెయ్యండి. నొప్పెట్టలేదా, ఇంక తొందరేం లేదు, అక్కడే ఉండండి.