సొట్ట చక్రం మేడమ్

1991 జూలై ఎనిమిదవ తేదీన ఈ సంస్థ పరీక్షా విభాగంలో ఇంజినీరుగా చేరిన మేడమ్‌గారికి అప్పగించిన బాధ్యత వినడానికే విచిత్రమైనది: రైలు బ్రేకులను శాసించే ఎలక్ట్రానిక్ పెట్టెను బల్ల మీద కూర్చోబెట్టి, అది నిజంగా రైలులోనే పరుగెడుతున్నట్లు నమ్మించడం. చక్రాల వేగాన్ని తెలిపే సంకేతాలను కృత్రిమంగా పుట్టించి అందిస్తే, పెట్టె వాటిని నమ్మి బ్రేకు వేస్తుంది. తప్పు చేస్తే బల్ల మీదే చేస్తుంది, ప్రయాణికుల ప్రాణాల మీదికి రాదు.

ఆ రోజుల్లో ఒక్కో రకం పెట్టె కోసం ఒక్కో బీరువా నిండా తీగలు అల్లవలసి వచ్చేది. రైలు మారితే బీరువా మూలపడేది. లోపలి అల్లికను మళ్ళీ మళ్ళీ మార్చుకోగల చిప్పులు రాగానే, ఏ పెట్టెకైనా సరిపోయే ఒకే బల్లను మేడమ్‌గారు రూపొందించారు. ఉదయం గూడ్సు బండిగా ఉన్న ఆ బల్ల మధ్యాహ్నానికి ప్రయాణికుల రైలై కూర్చుంటే, చూసినవారు నోరు వెళ్ళబెట్టేవారు.

ఒకసారి కొత్త బ్రేకు పెట్టె ఒకటి ఆ బల్ల మీద అన్ని పరీక్షలూ నెగ్గింది. రైలుకు బిగించడానికి మేడమ్‌గారి సంతకమే తరువాయి. ఆ ఆదివారం ఆమె వదినగారితో దుకాణానికి వెళితే, సామాన్ల తోపుడుబండి టకటకమంటూ మొరాయించింది. మేడమ్‌గారు అక్కడే గచ్చు మీద చతికిలబడి, ఒకపక్క అరిగిన చక్రాన్ని వేలితో తిప్పుతూ ఉండిపోయారు.

"సరుకులకొచ్చామా, బండి రిపేరుకొచ్చామా? లే, అందరూ చూస్తున్నారు!" అన్నారు వదినగారు.

"వదినా, నా బల్ల మీద చక్రాలన్నీ గుండ్రంగా ఉన్నాయి."

"గుండ్రంగా కాక నలుచదరంగా ఉంటాయా, తల్లీ?"

"పరుగెత్తి అరిగినవి అంత గుండ్రంగా ఉండవు వదినా."

సోమవారం ఆమె ఇంకో పరీక్ష కావాలంటే విభాగాధిపతి విసుక్కున్నారు. "పాసైన పిల్లకి మళ్ళీ పరీక్షేంటమ్మా? అక్కడ రైలు ఎదురుచూస్తోంది."

"మధ్యాహ్నం దాకా ఆగండి సార్. పాసైతే అప్పుడే సంతకం పెట్టేస్తాను."

టంకం వేయలేదు, తీగ మార్చలేదు. చిప్పులోని అల్లికను తిరగరాసి, గుండ్రని చక్రానికి ఒక సొట్ట పెట్టారు. చక్రం పట్టాల మీద జారితే, మళ్ళీ పట్టు దొరికేదాకా బ్రేకు సడలించడం పెట్టెకు నేర్పిన పద్ధతి. ఆ కుదుపుకు చక్రం జారుతోందని భ్రమపడిన పెట్టె, సరిగ్గా ఆగవలసిన వేళ బ్రేకు వదిలేసింది.

అది చూసిన విభాగాధిపతే, "ఈ బల్లకి దండం పెట్టాలమ్మా," అన్నారు.

"నిన్నటిదాకా బల్ల కూడా మోసపోయింది కద సార్. పెడితే ఆ తోపుడుబండికి పెట్టండి."

పెట్టెను సరిదిద్దాకే సంతకం పడింది. నాటి నుంచి సొట్ట చక్రానికి తట్టుకోని పెట్టె ఏదీ ఇక్కడి గడప దాటలేదు. మేడమ్‌గారికి 'సొట్ట చక్రం మేడమ్' అన్న పేరే స్థిరపడిపోయింది.

రైలెక్కి నిశ్చింతగా కునుకు తీసేవారికి ఆమె ఎవరో తెలియదు. తెలిసిన మనం మాత్రం చేతులు జోడిస్తున్నాం. మేడమ్‌గారు ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలనీ, టకటకమనే బండి ఎక్కడ కనబడినా ఆగి చూసే ఆ కుతూహలం తరగకూడదనీ, వదినగారికి అంత ఓపికా ఉండాలనీ మనసారా ఆకాంక్షిద్దాం.