అక్క చెప్పాల్సిన మాట

పరిశోధనశాల పక్కనున్న చిన్న గదిలో, రిటైరైన డాక్టరమ్మ తన చెక్కును బల్ల మీద పెట్టింది. ఇన్నేళ్లలో బల్లకి ఇవతల, పేషెంట్లు కూర్చునే వైపు కూర్చోవడం ఆమెకిదే మొదలు.

"ఇంత మొత్తమా! మందు రావడానికి పదేళ్లు పట్టొచ్చు, అసలు రాకపోనూవచ్చు. ముందే చెప్తున్నానండీ," అంది పరిశోధన చేసే అమ్మాయి.

"తెలుసమ్మా. నెలసరి నొప్పి మీద పనిచేసేది మీరేనని వెతుక్కుంటూ వచ్చాను."

"విరాళం ఎవరి పేరున రాయమంటారు?"

"మా చెల్లెలి పేరున. పదిహేనేళ్లప్పుడు నెలనెలా మెలికలు తిరిగిపోయేది. ఆడపిల్లలకి మామూలే, ఓర్చుకోమన్నాను. అప్పటికే నేను డాక్టర్ని."

"అప్పట్లో పుస్తకాల్లోనూ అంతేగా, మేడమ్."

"పుస్తకాలకి దాని ఏడుపు వినపడదు. పక్క మంచం మీదున్న నాకు వినపడింది. జబ్బు ముదిరి, చివరికి గర్భసంచే తీసేయాల్సొచ్చింది."

అమ్మాయి పెన్ను పక్కన పెట్టింది.

"ఇప్పుడు ఆవిడ..."

"బయట బెంచీ మీద కూర్చుంది. లోపలికి రమ్మంటే, 'చేసింది ముందు నీ నోటితో నువ్వు చెప్పు, అక్కా. అప్పుడొస్తా' అంది."

డాక్టరమ్మ లేచి వెళ్లి తలుపు తీసింది.

"చెప్పానే. రా."