ఊరు చూసొచ్చిన లంగా

తిరువూరు బస్టాండు వెనక సందులో పీర్‌సాహెబ్ గారి కుట్టు షాపు. ఆ ఏడు దీపావళి, రంజాన్ ఒకే వారంలో వచ్చాయి.

"విప్పెయ్యవే ముందు! ఆవిడ బస్సు దిగింది."

"ఎవరమ్మా?"

"ఎవరేంటి షాజాదీ, వినగడప నాగేంద్రమ్మగారు! నువ్వు కట్టుకుని కులుకుతున్న లంగా ఎవరిదనుకున్నావు?"

"పండక్కి గదా ఇస్తామన్నాం. ఇంకా టైముంది."

"టైముంటే ఏం, మనిషి వస్తోంది. నా కళ్ళతో చూశాను. సోడా కొట్టు దగ్గర ఆగింది. ఆవిడ సోడా తాగి వచ్చేలోపు తియ్యి."

"తీస్తున్నా, తీస్తున్నా. బొందు ముడి పడింది."

"పళ్ళతో లాగకు, తెగుద్ది. ఇటు తిరుగు. అయ్యో అయ్యో! ఇదేంటే అంచంతా?"

"ఏంటి?"

"ఉత్తరేణి గింజలు! ఇన్నెట్లా అంటుకున్నాయి? ఎక్కడ తిరిగావు దీంతో?"

"నెమలి ఊళ్ళో."

"నెమలా? బస్టాండు దాకా, సినిమాహాలు దాకా వెళ్ళి రమ్మన్నాను గానీ నెమలి వెళ్ళమన్నానా?"

"మొన్న శివపార్వతి సీమంతానికి వెళ్తున్నానని చెప్పాను. ఊఁ అన్నావు."

"సీమంతానికి ఊఁ అన్నాను. లంగాకి అనలేదు."

"ఏ ఊరి గుడ్డ ఆ ఊళ్ళో కట్టకూడదనే గదా నాన్న రూలు? ఇది వినగడపది, నేను వెళ్ళింది నెమలి. రూలు ప్రకారమే వెళ్ళాను."

"రూలు ప్రకారం చేలగట్లమ్మట కూడా నడవమన్నాడా మీ నాన్న?"

"బస్సువాడు మలుపులో దింపేశాడమ్మా. అందరూ అడ్డదారిన పోతుంటే నేనొక్కదాన్నే రోడ్డు పట్టుకుని పోవాలా?"

"మరి రాగానే దులపొద్దూ? మడతపెట్టి అట్లాగే పడేశావు. ఇవాళ మళ్ళీ తీసి కట్టావు."

"ఇవాళ కట్టమన్నది నువ్వేనమ్మా! పెనుగొలను పిల్లలు వస్తారు, వాళ్ళ వదినకి పండక్కి ఏం పెట్టాలో తెలీక కొట్టుకుంటున్నారు, నిన్ను చూస్తే వాళ్ళకే తెలుస్తుందన్నావు."

"అన్నానులే. కూర్చో. ఆ కొస నువ్వు ఏరు, ఈ కొస నేను ఏరతాను. కింద పడెయ్యకు, ఆవిడ కంట్లో పడతాయి. వాకిట్లోకి విసిరెయ్యి."

"వాళ్ళమ్మాయి ఆది లంగా చూశావా అమ్మా? కొలతకి పంపారే, అది. కట్టి కట్టి వెనకవైపు వెలిసిపోయింది గానీ, అంచు మాత్రం కొత్తదానిలా ఉంది. మహారాణి కాలు కింద పెట్టదనుకుంటా!"

"కలవారి పిల్ల. మనకెందుకు? నవ్వులాపి ఏరు."

"నాకు నవ్వు రావట్లేదమ్మా. ఆ పెనుగొలను పిల్లలు ఏమన్నారో తెలుసా? షాజాదీ అక్కా, మీ ఇంట్లో అందరూ ఎప్పుడూ కొత్తవే కడతారు, మీ పెట్టె ఒకసారి చూపించవా అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. పెట్టె తెరిస్తే ఏముంది? పాత పరికిణీలు."

"ఏం చెప్పావు?"

"తాళం నాన్న దగ్గరుందన్నాను."

"మంచిపని చేశావు."

"మంచిపనా? సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టుంది మన బతుకు. ఇది దొంగతనం కాదా అమ్మా?"

"తిరిగి ఇచ్చేస్తుంటే దొంగతనమెట్లా అవుద్ది? కొయ్యకి తగిలిస్తే ఏ గుడ్డనీ ఎవరూ చూడరు. మనిషి మీద చూస్తే పదిమంది అడుగుతారు. అదీ మీ నాన్న పట్టుకున్న కిటుకు. దాని మీదే నడుస్తోంది ఇల్లు. ఫ్యాషన్ పీర్‌సాహెబ్ అని ఊరికే అన్నారా?"

"రంజాన్ రోజా పట్టి ఈ మాటలేంటమ్మా?"

"ఉష్! చెప్పుల చప్పుడు. లంగా ఆ బల్ల మీద పెట్టు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మొహం పెట్టకు."

"ఏం జైతూ, లోపలున్నావా?"

"రండి రండి, నాగేంద్రమ్మగారూ! షాజాదీ, కుర్చీ వెయ్యి. మంచినీళ్ళు తే."

"మీరు ఉపవాసాలుంటే మీ ముందు కూర్చుని నేను నీళ్ళు తాగటమేంటి? సోడా తాగే వచ్చాను. పీర్‌సాహెబ్ లేడా?"

"లైనింగు గుడ్డకి బెజవాడ వెళ్ళారండి. మీ లంగా అయిపోయిందండి. జాకెట్టుకి హుక్కులు కుట్టటమే ఉంది. మీరు రాకపోయినా నేనే పంపేదాన్ని."

"దాని సంగతి తర్వాత. నాకు ఇంకోటి కావాలి."

"ఇంకోటాండీ?"

"మా అమ్మాయి హైమకే. పండక్కి. దానికి మీ ఇంటి పిచ్చి జైతూ. తిరువూరు నుంచి ఎవరొచ్చినా అడుగుద్ది, షాజాదీ ఏం కట్టింది, జడ ఎట్లా వేసుకుంది, చేతులు ఎట్లా కుట్టించుకుంది అని. మొన్న మా మరదలు నెమలిలో సీమంతానికి వెళ్ళింది."

"అట్లాగా అండీ."

"అక్కడికి మీ అమ్మాయి నీలం లంగా కట్టుకొచ్చిందంట. జరీ అంచంట. బుట్టచేతుల జాకెట్టంట. సీమంతం పిల్లని ఎవరూ చూళ్ళేదంట, అందరూ ఈ పిల్లనే చూశారంట. సరిగ్గా అట్లాంటిది కావాలి."

"నెమలా? మా అమ్మాయి నెమలి వెళ్ళలేదండీ."

"వెళ్ళలేదా?"

"లేదండీ. ఎవరిని చూసి ఎవరనుకున్నారో పాపం. ఏమే షాజాదీ, వెళ్ళావా నువ్వు?"

"అమ్మా..."

"వెళ్ళలేదని చెప్పు."

"రోజాతో ఉన్నానమ్మా."

"నేను మాత్రం లేనా?"

"అందుకే చెప్తున్నా."

"ఏంటి, తల్లీకూతుళ్ళు గొణుక్కుంటున్నారు?"

"వెళ్ళానండీ. మీ మరదలుగారు చూసింది నన్నే."

"చూశావా జైతూ, వెళ్ళానంటోంది. ఏ కొట్లో కొన్నావమ్మాయ్ ఆ గుడ్డ?"

"కొనలేదండీ."

"మరి?"

"బల్ల మీద ఉంది చూడండి. అది మీదే. మీ హైమదే. నేను కట్టుకెళ్ళాను."

"దాన్ననకండమ్మా, దాన్ననకండి! కట్టుకోమన్నది నేను. అబద్ధం ఆడింది నేను. రోజా నోటితో ఆడాను, ఆ పాపం కూడా నాదే. దానికేం తెలీదు."

"అన్నీ తెలుసమ్మా నాకు. నా తప్పు నీ మీద వేసుకోకు."

"నువ్వు నోరుమూసుకో."

"ఒక్కసారేనా జైతూ? పోయినేడు ఆకుపచ్చ లంగా కుట్టారు."

"అదీ అండీ. పండక్కి ముందు."

"అంతకుముందు ఏడు?"

"అదీ. మీవే కాదండీ, అందరివీనూ. ఇట్లా ఒకసారి తిప్పి, దులిపి, ఇస్త్రీ చేసి ఇచ్చేస్తాం. మీరేమో కొత్త బట్టని మూలకి పసుపు పెట్టి మరీ పిల్లకి కట్టిస్తారు. అది తలుచుకుంటే హుక్కు కుట్టబుద్ధి కాదండి. తిట్టండి, కొట్టండి. ఊళ్ళలో మాత్రం చెప్పకండమ్మా. రెండు పండగల గుడ్డలు ఇంట్లో ఉన్నాయి. తెలిస్తే ఒక్కళ్ళు మా గడప తొక్కరు. బతకలేం."

"నాకు తెలుసు."

"అదేనండీ, మీకు తెలిసింది గదా, మీ కడుపులో పెట్టుకుని..."

"ఇప్పుడు కాదు. పోయినేడే తెలుసు. ఆకుపచ్చ లంగా మూట విప్పితే గుప్పుమని అత్తరు వాసన. కొత్త గుడ్డకి అత్తరెక్కడిది? ఆ పూటే వచ్చి నీ జుట్టు పట్టుకుందామనుకున్నాను."

"మరి రాలేదేమండీ?"

"హైమ రానివ్వలేదు."

"ఎందుకనండీ?"

"హైమని నువ్వెప్పుడన్నా చూశావా?"

"లేదండీ. మీరెప్పుడూ ఆది లంగా పంపుతారు, దాని కొలతకి కుడతాం."

"పిల్లని తీసుకురాకుండా ఆది ఎందుకు పంపుతానని అడిగావా ఎప్పుడన్నా?"

"పెద్దింటి పిల్ల, కుట్టు షాపుకి ఏం వస్తుందిలే అనుకున్నాం."

"రాలేదమ్మా. చిన్నప్పుడు జ్వరమొచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. మంచం మీద నుంచి అరుగు మీదకి, అరుగు మీద నుంచి మంచం మీదకి. ఎత్తుకుని దింపేదాన్ని నేనే. పద్దెనిమిదేళ్ళ పిల్ల, ఇప్పుడు నా నడుం కూడా ఒప్పుకోవట్లేదు."

"అల్లా! అందుకేనా అంచు..."

"ఏం అంచు?"

"ఏం లేదండీ."

"ఏంటది? చెప్పమ్మాయ్."

"చెప్పకే షాజాదీ."

"చెప్తానమ్మా. ఆది లంగా అంచు అస్సలు నలగలేదండీ. ఇందాక అది చూసి, మహారాణి కాలు కింద పెట్టదనుకుంటా అని నవ్వాను. నా నోరు పడిపోను. నన్ను కొట్టండి నాగేంద్రమ్మగారూ, నిజంగా కొట్టండి."

"ఏడవకు. ఉపవాసంతో ఏడిస్తే కళ్ళు తిరుగుతాయి. నీకేం తెలుసని?"

"తెలీకపోతే మాత్రం అనొచ్చా అండీ?"

"ఊరుకోమన్నానా! విను. పోయినేడు అత్తరు వాసన చూసి నేను చిందులేస్తుంటే, అది లంగా ఒళ్ళో పెట్టుకుని అంచు తడుముకుంటూ కూర్చుంది. అంచుకి ఉత్తరేణి గింజలు అంటుకుని ఉన్నాయి."

"పోయినేడు కూడానా! ఎక్కడికెళ్ళావే?"

"గుర్తులేదమ్మా."

"అవి పీకి పారెయ్యబోతే చెయ్యి పట్టేసుకుంది. అమ్మా, నా లంగా చేలోకి వెళ్ళొచ్చింది, తియ్యకు అంది. నాకేమో ఒళ్ళు మండిపోతోంది, అదేమో నవ్వు. ఆ గింజలు తీసి కుంకుమ భరిణెలో దాచుకుంది. నాకు కోపం వచ్చినప్పుడల్లా మూత తీసి చూపిస్తుంది."

"యా అల్లా."

"మొన్న మా మరదలు వచ్చి నీలం లంగా, జరీ అంచు అని చెప్తుందో లేదో, అది నాదే, నా లంగానే నెమలి వెళ్ళింది అని ఒకటే చప్పట్లు. మా మరదలికి ఏం అర్థం కాలేదు. మిమ్మల్ని తిట్టనని నా చేత ఒట్టు వేయించుకుని మరీ పంపింది. లేకపోతే జైతూ, నిన్నూ నీ మొగుణ్ణీ బస్టాండులో నిలబెట్టి కడిగేసేదాన్ని. కన్నతల్లిని, నాకు ఉండదా? నా పిల్ల కట్టకుండానే ఇంకొకత్తె కడితే ఉండదా?"

"తిట్టండమ్మా. తిడితే నాకు తేలికవుద్ది."

"ఒట్టు వేశాను గదా, నా ఖర్మ."

"మరి ఇంకో లంగా కావాలన్నారు..."

"లంగా కాదు. అట్లా అడిగితే మీ నోటితో మీరే చెప్తారేమోనని అడిగాను. నీ నోటి నుంచి రాలేదు, నీ కూతురి నోటి నుంచి వచ్చింది. పోనీలే. పండక్కి ఏం కావాలే అని అడిగితే హైమ ఏమందో తెలుసా? కాకరపువ్వొత్తులొద్దంట, గాజులొద్దంట. షాజాదీ వచ్చి పక్కన కూర్చుని చెప్పాలంట."

"నేనా? ఏం చెప్పాలండీ?"

"లంగా ఎక్కడెక్కడ తిరిగిందో. సీమంతంలో ఎవరేమన్నారు, ఎవరు పట్టుకుని చూశారు, ఏ దారిన నడిచావు, గాలొస్తే కుచ్చెళ్ళు ఎట్లా లేచాయి. ఒక్కటీ వదలకుండా."

"చెప్తానండీ. ఎన్నిసార్లయినా చెప్తాను. శివపార్వతి వాళ్ళ నాయనమ్మ అంచు పట్టుకుని వదల్లేదండీ. వాళ్ళు ఒళ్ళో పెట్టిన చలిమిడి కూడా ఈ లంగా ఒడిలోనే పట్టుకొచ్చాను."

"ఇవన్నీ దానికి చెప్పు, నాకు కాదు. నాకు మళ్ళీ మండుద్ది. ఏదీ, ఆ లంగా ఇటివ్వు."

"ఇదుగోండి."

"బాగా కుదిరింది. ఏ మాటకి ఆ మాట. నీ మొగుడి చేతిలో పని ఉంది. వెలుతురులోకి పట్టు... ఏంటి, అంచులో ఏమీ లేదు?"

"ఏం ఉండాలండీ?"

"అడ్డదారిన నడిచి వెళ్ళారంది మా మరదలు. చేలగట్లమ్మట. ఒక్క గింజ కూడా అంటుకోలేదా?"

"అంటుకున్నాయండీ. బోలెడు."

"ఏవీ?"

"మీరొస్తున్నారని... ఇందాకే కూర్చుని ఏరేశామండి. తల్లీకూతుళ్ళం. ఒక్కటి లేకుండా."

"ఒక్కటన్నా ఉంచలేకపోయారా జైతూ? వెళ్ళగానే అది తడిమేది అంచే. ఖాళీ భరిణె ఇంకోటి కడిగి పెట్టుకుని కూర్చుంది."

"అమ్మా, వాకిట్లోనే ఉంటాయి గదా, ఏరుకొస్తాను."

"వాకిట్లోవి తెచ్చి అంటిస్తావా? ఇంకో దొంగపనా? ఆ పిల్లతో ఇంక దొంగపనులొద్దు."

"మరి ఏం చెయ్యనమ్మా?"

"నాగేంద్రమ్మగారూ, మీరు ఎన్నింటి బస్సుకి వెళ్తున్నారండీ?"

"ఇప్పుడొచ్చేదానికే. ఏం?"

"షాజాదీ, ఖర్జూరాలు రుమాల్లో కట్టుకో, పొద్దుగూకేసరికి అక్కడే రోజా విప్పుదువు గాని. మీ అన్నని ఆఖరి బస్సుకి పంపి పిలిపించుకుంటాను."

"ఇప్పుడే వెళ్ళమంటావా?"

"ఇప్పుడే. విప్పిన లంగా మళ్ళీ కట్టుకో. ఆవిడతో వినగడప వెళ్ళు. ఊళ్ళోకి పోక ముందే బస్సు దిగి, చేలగట్లమ్మట నడిచి వెళ్ళు."