ఖాళీ సీటుకు బెల్టు

నా పేరు, తండ్రి పేరు ఈ వాంగ్మూలం పైన రాసుకున్నారు. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు, అందరికీ నేను సీట్ల మేస్త్రీనే. వయసు నలభై ఆరు. పెట్రోలు బంకు వెనక రేకుల షెడ్డులో బండ్లకు సీట్లు కుట్టడం, బిగించడం నా పని. మొక్కల బాబాయి నాకు చుట్టం కాదు. పికప్ బండిలో పూలమొక్కలు వేసుకుని వీధివీధీ తిరిగి అమ్ముతాడు కాబట్టి అందరికీ బాబాయే. ఆయన భార్య, అంటే మా పిన్ని, పోయిన ఏడు జ్వరంతో చనిపోయేదాకా ఆ బండిలో ఎడమ పక్కనే కూర్చుని తిరిగేది.

కిందటి నెల మొదట్లో ఆయన బావమరిది ఆ బండిని నా షెడ్డుకు తోలుకొచ్చాడు. పక్కన బాబాయి దిగాలుగా కూర్చున్నాడు. పాత బండి, ముందు ఒకటే పొడుగు సీటు. స్పంజి పొడి అయిపోయి స్ప్రింగులు పైకి తేలాయి. ఎడమ వైపు గుంట పడింది.

"అది మా అక్క గుంట. తక్కువ తిన్న మనిషా," అన్నాడు బావమరిది.

"మీ ఇంటి తిండేరా అది. నా దగ్గరికొచ్చాకే చిక్కింది," అని బాబాయి నవ్వాడు. నవ్వాడు గానీ ఆ గుంటలోంచి చెయ్యి తియ్యలేదు.

పాత కార్లు విప్పే దుకాణం నుంచి రెండు సీట్లు తెచ్చారు. మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే కీచుమని మోగే రకం. స్పంజి కింద పల్చటి రేకులాంటిది ఉంటుంది, బరువు పడితే దానికి తెలుస్తుంది. ఇంత పాత బండికి ఆ గోల ఎందుకన్నాను. బావకు బెల్టు సంగతి గుర్తుండదు, ఉండాల్సిందే అని బావమరిది పట్టుబట్టాడు. రెండు సీట్లకూ వైర్లు కలిపాను.

కారు సీటు కాళ్లు పికప్ నేల మీది బెజ్జాలకు కుదరవు. ఇనుప పట్టీలు వెల్డింగ్ చేసి వాటి మీద బిగించాలి. ఎడమ పక్క నేల ఉబ్బెత్తుగా ఉండటం వల్ల పట్టీ పైకి లేచి సీటు అడుగును పొడుస్తోంది. అందుకే బాబాయి తన సీట్లో కూర్చుని తాళం తిప్పగానే ఎడమ సీటు మోగింది. సీటు ఖాళీగానే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను, ఖాళీగానే ఉంది.

"పట్టీ తగులుతోంది బాబాయ్. సీటు కింద వైరు ప్లగ్గు పీకేస్తే సరిపోతుంది," అన్నాను.

ఆయన పక్కకు వంగి, ఎడమ బెల్టు లాగి, ఖాళీ సీటు మీదుగా తెచ్చి లాకులో నొక్కాడు. మోత ఆగింది.

"ఎప్పుడూ ఇంతే. పోరితే గానీ పెట్టుకోదు," అన్నాడు.

సుత్తితో పట్టీని కాస్త వంచితే అయిపోయే పని. వద్దు, ఉండనీరా అన్నాడు. ఉండనిచ్చాను. తర్వాత బజార్లో ఆయన బండి రెండు మూడుసార్లు ఎదురైంది. మాట్లాడుకుంటూ తోలుతున్నాడు. ఎడమ బెల్టు పెట్టే ఉంది. సీటు ఖాళీగానే ఉంది.

గురువారం ఉదయం పది గంటలకు బాబాయి తన సీటు బోల్టు బిగించుకోవడానికి వచ్చాడు. కాసేపటికి బావమరిది బస్సు దిగి వచ్చాడు. ఇద్దరూ కలిసి మొక్కల తోటకు వెళ్లాలి. బావమరిది ఎడమ తలుపు తీసి బెల్టు విప్పబోయాడు.

"అక్కడ మీ అక్క కూర్చుందిరా," అన్నాడు బాబాయి. కోపంగా కాదు. పక్కన మనిషి ఉన్నప్పుడు ఎలా చెప్తామో అలాగే చెప్పాడు.

బావమరిది నోరు ఊరుకునే రకం కాదు, ఏదో ఒకటి అంటాడనుకున్నాను. ఆ సీటు వైపు చూస్తూ నిలబడ్డాడు. "సరేలే బావా, నేను వెనక ఎక్కుతా. అక్కతో తగువెందుకు," అన్నాడు. తలుపు చప్పుడు కాకుండా మూశాడు. వెళ్లి వెనక కుండీల మధ్య కూర్చున్నాడు. ఎవరూ ఆయన్ని బలవంతం చెయ్యలేదు. వెనక తలుపు గొళ్లెం పడిందో లేదో నేను చూడలేదు.

మలుపు దగ్గర స్పీడు బ్రేకరు మీద బావమరిది ఎగిరి కింద పడ్డాడని తర్వాత తెలిసింది. తలకు దెబ్బ తగిలి ఆయన ఇంకా స్పృహలోకి రాలేదు. సీటు ఖాళీగా పెట్టుకుని, కావాలనే తన భర్తను వెనక ఎక్కించి చంపబోయాడని బావమరిది భార్య బాబాయి మీద ఫిర్యాదు ఇచ్చింది. ఆమె బాధ నాకు తెలుసు. కానీ షెడ్డు ముందు జరిగింది చెప్పడానికి నేనొక్కణ్ణే ఉన్నాను. బాబాయి కావాలని చెయ్యలేదు. ఆయన లెక్కలో ఆ సీటు ఖాళీ కాదు. అందుకు ఆయన్ని జైల్లో పెడితే నాకు నిద్ర పట్టదు.

ఈ రోజు మధ్యాహ్నం స్టేషను ఆవరణలో ఇన్స్పెక్టరు గారు నన్ను బండి తాళం తిప్పమన్నారు. బెల్టు విప్పి ఉంది. ఎడమ సీటు మోగింది. కారణం చూపించమంటే సీటు కిందకు చెయ్యి పెట్టి ప్లగ్గు పీకాను. మోత ఆగింది. వరండాలో కానిస్టేబులు పక్కన బల్ల మీద కూర్చున్న బాబాయి లేచి నిలబడ్డాడు.

"దిగిపోయిందా?" అని అడిగాడు.

ఇన్స్పెక్టరు గారు కాగితాల్లోకి చూస్తున్నారు. ప్లగ్గు నా చేతిలోనే ఉంది.

"లేదు బాబాయ్. బెల్టు పెట్టుకుంది," అన్నాను.

ఆ ఒక్క మాట తప్ప ఇందులో నేను చెప్పినదంతా నిజం. చదివి వినిపించారు, సరిగానే ఉంది.

(సంతకం)
సీట్ల మేస్త్రీ