హాల్బర్గ్ నది ఒడ్డున కొర్నేలన్న బెంచీ

సభాముఖంగా ప్రకటించడమేమనగా: నేటి నుంచి ఈ మెస్సులో పప్పులో ఉప్పు తక్కువైందని ఎవరూ ఫిర్యాదు చేయరాదు. రెండో నంబరు బాత్రూం గొళ్లెం ఊడితే ఊడినట్టే ఉండును. ఫ్యాను కింది కుర్చీలో నలభై దినాలు ఎవరూ కూర్చోరాదు. ఎందుకంటే ఉప్పు సర్దేది, గొళ్లెం బిగించేది, ఆ కుర్చీలో కూర్చునేది ఒకే మనిషి. ఆ మనిషి లేడు.

అన్నలారా, తమ్ముళ్లారా, ఆస్పత్రి డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చిన కొర్నేలన్న చెల్లెలు ప్రేమజ్యోతమ్మా. నేను దిలావర్‌ని, ఈ అరబ్బు ఎడారిలో, తబూక్ ఫారంలో నీళ్ల ట్యాంకర్ తోలేవాణ్ణి. ఏడో తరగతి రెండుసార్లు చదివినా. నవ్వించడానికి తప్ప నన్నెవరూ ముందుకు పిలవరు. ఈ రోజు పిలిచినారు.

పొలంలో గుండ్రంగా తిరుగుతా నీళ్లు చిమ్మే పివట్లకు మన నర్సాపురం కొర్నేలన్న ఇరవై రెండేండ్లు మెకానిక్కు. పన్నెండు దినాల కింద ఐదో పివట్ కాడ గేర్‌బాక్సు విప్పుతా గుండె పట్టుకుని కూలబడినాడు. ఇంకా మార్చురీలోనే ఉన్నాడు. ఒక కాగితం తెస్తే ఇంకో కాగితం ఏదంటారు. ఈ దేశం దాటాలంటే బతికినోడికీ ఎగ్జిట్ కావాల, చచ్చినోడికీ ఎగ్జిట్ కావాల. మనం ఏం చేయగలిగినాం? కుర్చీలు వేసుకుని కూర్చోగలిగినాం.

ఆ పివట్ల సామాన్లు అమెరికా నడుమ ఉండే హాల్బర్గ్ అనే చిన్న ఊరి నుంచి వస్తాయి. కదలకుండా పెట్టెల్లో ఆ ఊరి పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కుతారు. ఆ ఉండలతో మనమేం చేసినాం? బండి అద్దాలు తుడిచినాం. అన్నేం చేసినాడు? ఒక్కొక్కటీ విప్పి, ఇస్త్రీ పెట్టి, చదివినాడు.

ఉత్తరాన నది, దక్షిణాన రైలు పట్టాలు, నడుమ ధాన్యం గోదాములు. రైలింజన్లకు నీళ్లు పట్టే చోట పుట్టిన ఊరు. డెబ్బై ఏండ్ల కింద నది పొంగితే, జైల్లో ఉన్నోళ్లతో సహా ఊరంతా ఇసుక మూటలు మోసిన ఊరు. శుక్రవారం శుక్రవారం ఇంటికొక గిన్నె తెచ్చుకుని చర్చి కింది గదిలో కలిసి తినే ఊరు. అంతా చదివి, మెస్సు గోడ మీద మ్యాపు గీసినాడు. మీ వెనకాలే ఉంది, తిరిగి చూడండి. మన శుక్రవారం భోజనం, తలా ఒక గిన్నె, ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు?

పోయినేడు ఇసుక తుఫాను వచ్చిన దినం మనందరం తలుపులు బిగించుకున్నాం. అన్న గదిగదికీ తిరిగినాడు. "హాల్బర్గ్‌లో సుడిగాలి సైరన్ మోగితే ముందు పక్కింట్లో చూసొస్తారు, తర్వాతే దాక్కుంటారు" అనేవాడు. ఒక మంచం ఖాళీ. పోయి, ఏడో పివట్ కాడ గుంతలో ముడుచుకున్నోణ్ణి భుజాన వేసుకొచ్చినాడు. నా మాట ఒక్కటీ అర్థం కాకపోయినా ముందు వరసలో ఏడుస్తా ఉండే ఇష్తియాక్ భాయ్, వాడే.

ఆ ఊరోళ్లు కూడా అన్నను మరువలేదు. రెండేండ్ల కింద ఆ ఊరి మేయరు ఉత్తరం రాసినాడు, మీకందరికీ తెలుసు. మా ఊరి మ్యాపు గీసినాడని తెలిసి నది ఒడ్డున కొర్నేలు పేరుతో బెంచీ వేసినామని. ఆ ఉత్తరానికి అద్దం కట్టించి తలవైపు పెట్టుకున్నాడు. మూడు జవాబులు రాసి, "టౌనుకెళ్తావుగా, పోస్టులో పడేయవయ్యా" అని నాకిచ్చినాడు. ఒకదాంట్లో ఏం రాసినాడో తెలుసా? "వరదొస్తే మునుగుతుందేమోనండి, బెంచీ కాస్త మెరకలో వేయించండి."

నిన్న జ్యోతమ్మ నన్నడిగింది. "దిలావరన్నయ్యా, ఇక్కడేమో మా అన్నను చూడనివ్వట్లేదు. అక్కడ ఆ బెంచీ మీదైనా ఒక పువ్వు పెట్టమని రాస్తాను. అడ్రసివ్వన్నయ్యా." నిన్నటి నుంచి వెతుకుతా ఉన్నట్టు నటిస్తా ఉన్నా.

అందరూ లేవండి. రెండు నిమిషాలు మాటలొద్దు. నోరు మూసుకోవడం నాకు చేతకాదు, అందుకే మూసేముందు ఒక్క మాట.

అమ్మా జ్యోతీ, ఆ ఉత్తరం నేను రాసిందే. తెలుగులో చెప్తే ఫోనే ఇంగ్లీషు చేసింది. సాయంత్రం చెప్పేసి నవ్వుదామనుకున్నా. సాయంత్రానికి అన్న ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, నిలబడి, అందరికీ చదివి వినిపించినాడు. ఆయన రాసిన మూడు జవాబులూ నా పెట్టెలోనే ఉన్నాయి.

ఊరుంది. నది ఉంది. బెంచీ లేదు తల్లీ.