దిండు గలీబు మీద మొహం

పార్లర్ నడిపే ఇల్లాలు ఆ మధ్యాహ్నం తొందరగా ఇంటికొచ్చింది. ఆమె చేతిలో దిండు గలీబు. ఎదురుగా నీళ్లు నములుతున్న మొగుడు.

“ఇంకోసారి అడుగుతున్నా. ఈ మొహం ఎవరిది?”

“మొహమేంటే? అది గలీబు.”

“పొద్దున ఉతికింది తొడిగి వెళ్లాను. ఇదిగో నుదురు, ఇదిగో ముక్కు, ఇదిగో గడ్డం. అచ్చు గుద్దినట్టు నూనె మరకలు. బుగ్గల దగ్గర చుక్క లేదు.”

“నాదే అయ్యుంటుంది. భోంచేసి కాస్త నడుం వాల్చాను.”

“మీదా? ఇలా వంగండి.”

“ఇప్పుడా టిష్యూ ఎందుకే?”

“కదలకండి. మొహం ఎప్పుడు కడిగారు?”

“గంటైంది.”

“గంటయ్యాకే చూడాలి. ముక్కు... నుదురు... ఊఁ. ఆ లైటు వెలుతురుకి పెట్టి చూడండి. మరకుందా?”

“లేదు.”

“ఉండదు. మీది పొడిచర్మం, గోరుతో గీస్తే తెల్లగా గీత పడుతుంది. పదిహేనేళ్లుగా జనం మొహాలు తుడుస్తున్నా, నాకు చెప్తారా? ఎవరావిడ?”

“ఆవిడే అని ఎందుకనుకున్నావ్?”

“కాటుక కూడా అంటింది కాబట్టి. బోర్లా పడుకుంది. తడి కూడా ఉంది. ఏడ్చిందా?”

“కొంచెం.”

“కొంచెం! నా మంచం మీద, నా దిండు మీద!”

“నువ్వు ముందు కూర్చో.”

“కూర్చోను. మొహం ఎన్నిసార్లు కడుక్కుంటుంది?”

“అదెందుకు నీకు?”

“చెప్పండి.”

“వచ్చాక నాలుగుసార్లు. సబ్బుతో.”

“అనుకున్నా. ఎంత తోమితే అంత ఊరుతుంది నూనె. రోజుకి రెండుసార్లు చాలు. గోరువెచ్చని నీళ్లు, జెల్ ఫేస్‌వాష్. తర్వాత పల్చటి క్రీము, నూనె లేనిది.”

“జిడ్డు మొహానికి మళ్లీ క్రీమా?”

“రాయకపోతే ఎండిపోయి ఇంకా కక్కుతుంది. మొటిమలు గిల్లుతుందా?”

“ఇందాక గిల్లుతూనే ఉంది.”

“అంత దగ్గర్నుంచి చూశారూ! నా కొంప ముంచారు కదండీ! ఆ మొహం మీద కోడిగుడ్డు అట్టు వేసుకోవచ్చు, మీకెలా నచ్చింది?”

“ఆ మాటే.”

“ఏ మాట?”

“మూడేళ్ల క్రితం పెళ్లికూతురిని కుర్చీలో కూర్చోబెట్టి, అందరి ముందూ నువ్వన్న మాట. అప్పట్నుంచే ఆ పెళ్లికూతురు, అదే మీ చెల్లెలు, నీతో మాట్లాడటం మానేసింది.”

“అదా? ఇక్కడికొచ్చిందా?”

“మాట కలుపుదామని తనే వచ్చింది. నువ్వేమంటావోనని ఏడుస్తూ పడుకుంది. నీ చెప్పుల చప్పుడు వినగానే బాత్రూంలో దూరింది.”

“ఇందాకట్నుంచీ ఆ నీళ్ల చప్పుడు...”

“మొహం కడుక్కుంటోంది.”

“పావుగంట నుంచా! తోలు ఊడిపోతుంది. ఏయ్, తలుపు తియ్యవే! ముందా సబ్బు పక్కన పడెయ్. వింటున్నావా? తప్పు నాదే. ఆరోజు భయపడుతున్నావు కదా అని నవ్విద్దామనుకున్నానే. మూడేళ్లుగా నీ నంబరు నొక్కడం, మోగకముందే కట్ చెయ్యడం, ఇదే నా పని. తియ్యమ్మా.”

“తీస్తానక్కా. ముందు ఆ లైటు ఆర్పు.”