పిల్లల కోసం పెట్టుకున్న ఆయమ్మ

సముద్రం ఒడ్డున హోటలు గది. నాలుగో రోజు మధ్యాహ్నం. మంచం మీద ఆరేళ్ళ కూతురూ రెండేళ్ళ కొడుకూ నిద్రపోతున్నారు, భర్త కింద ఈతకొలను దగ్గర ఉన్నాడు. సెలవులకని కుదుర్చుకున్న ఆయమ్మ దగ్గర ఆ ఇల్లాలు రెండు రోజులుగా మనసులో నానబెట్టుకున్న మాట ఎత్తింది.

“కాదు ఆయమ్మా, అలా మాట తప్పించకండి. సూటిగా అడుగుతున్నా.”

“మెల్లిగా అమ్మా, బాబు లేస్తాడు.”

“మెల్లిగానే అడుగుతున్నా. మిమ్మల్ని దేనికి పెట్టుకున్నాం?”

“పిల్లల కోసం.”

“మరి నాలుగు రోజులుగా ఎవరి వెనకాల తిరుగుతున్నారు?”

“పిల్లల వెనకాలే.”

“నా వెనకాల! బాల్కనీలోకి వెళ్తే టీతో మీరు. లిఫ్టు దిగితే నా చెప్పులతో మీరు. నిన్న పడక్కుర్చీలో ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నానో లేదో—”

“రెండు గంటలమ్మా.”

“ఎంతైతేనేం! లేచి చూస్తే గొడుగు నా మీదికి జరిపి ఉంది. పిల్లల మీద ఉండాల్సిన గొడుగు.”

“పిల్లలు నీళ్ళలో ఉన్నారు, అయ్యగారి దగ్గర. నీళ్ళలోకి గొడుగెందుకమ్మా?”

“దానికీ జవాబు సిద్ధం. పిల్లల్ని ఎలా చూసుకోవాలో నేను రాసిచ్చిన కాగితాలు చదివారా అసలు?”

“మూడు పేజీలూ చదివాను.”

“చదివి?”

“మడిచి బాబు చొక్కాల కింద పెట్టాను. భద్రంగా ఉన్నాయి.”

“భద్రంగా దాచమని ఇచ్చానా?”

“ముప్ఫై ఏళ్ళుగా పిల్లల్ని సాకుతున్నానమ్మా. ముద్ద ఎంత ఉండాలో బొమ్మ గీసిచ్చినవాళ్ళని చూడలేదు. పారేయబుద్ధి కాలేదు.”

“నవ్వండి, ఫర్వాలేదు. నాకూ నవ్వొస్తోంది.”

“‘మూడు నుంచి నాలుగు, అమ్మకి విశ్రాంతి’ అని కూడా రాశారు. ఆ గంటలో మీరు సూట్‌కేసు విప్పి మళ్ళీ సర్దారు.”

“అందులో సాక్సులు జతలు తప్పాయి! సరే, పోనివ్వండి. ఆఫీసులో పదిహేనుమందిని గీత దాటనివ్వనిదాన్ని. మిమ్మల్ని కుదుర్చుకునే రోజు పన్నెండు ప్రశ్నలు రాసుకుని కూర్చున్నా. మీరు ఒక్కటి అడిగేసరికి, ఉద్యోగానికి నేనే వచ్చినట్టు నీళ్ళు నమిలాను.”

“నేనేమడిగానమ్మా?”

“‘మీరు నిద్రపోయేదెప్పుడు?’ అని. బాగా ఆలోచించి ‘ఆదివారం’ అన్నాను.”

“అయ్యగారు పక్కనుంచి ‘ఏ ఆదివారం?’ అన్నారు. గుర్తుంది.”

“ఆయనకి జోకులకి తక్కువ లేదు. ఇంకోటి కూడా చెప్పేస్తున్నా. మొన్న పూలకుండీ వెనకాల నక్కింది నేనే.”

“చూశానమ్మా.”

“చూశారా?”

“కుండీ చిన్నది కదా.”

“నేను లేనప్పుడు పిల్లలతో ఎలా ఉంటారో చూద్దామని. ఇంతలో హోటలు మేనేజరు వచ్చి, ‘ఏమైనా పోయిందా మేడమ్?’ అన్నాడు. చెవిదిద్దు పోయిందని నోటికొచ్చింది చెప్పేశా. పాపం, ఆయనా తోటమాలీ అరగంటసేపు మోకాళ్ళ మీద గడ్డి అంతా గాలించారు.”

“మీ దిద్దులు రెండూ—”

“చెవులకే ఉన్నాయి! గదికొచ్చి అద్దం చూసుకుంటే తెలిసింది. అప్పట్నుంచి వెనక మెట్ల మీంచే రాకపోకలు.”

“అందుకా ఆ మెట్లు! కాళ్ళకి మంచిదనుకున్నాను.”

“చూడండి, నేను తెలివితక్కువదాన్నే, ఒప్పుకుంటా. గుడ్డిదాన్ని మాత్రం కాదు. పెద్దది నా దగ్గరికి రావట్లేదు.”

“వస్తోందిగా అమ్మా.”

“రావట్లేదు. నిన్న జడ వేస్తా రమ్మంటే ‘నువ్వెళ్ళి పడుకో’ అంది. ఇసుకలో పక్కన కూర్చుంటే ‘నువ్వెళ్ళి పడుకో’. పోనీ అన్నం కలిపి పెడతానంటే—”

“‘నువ్వెళ్ళి పడుకో.’”

“అదిగో! మీకు కంఠతా వచ్చు. నేర్పినవాళ్ళకి రాకేం?”

“నేను నేర్పానా? ఒట్టు, లేదమ్మా.”

“నా కడుపున పుట్టింది నన్ను గదిలోకి తరుముతుంటే, మీరు గుమ్మం దగ్గర కాపలా. ఇదేం బాగోలేదు. సాయంత్రం బస్సుకి మీరు వెళ్ళిపోండి.”

“అలాగేనమ్మా.”

“అలాగేనా? అంతేనా? ఎందుకు, ఏమిటి అని అడగరా?”

“మీ పిల్లలు, మీ ఇష్టం. ఇదిగో, మీ భోజనం మూతపెట్టి ఉంచాను. చల్లారిపోతోంది, తినండి.”

“ఇదే, ఇదే నేననేది! పొమ్మంటుంటే కూడా నా భోజనం గొడవేనా? ఎవరు పురమాయించారు మిమ్మల్ని? మా ఆయనేనా?”

“అయ్యగారా? కుదుర్చుకున్న రోజు చూసి కూడా, ఇక్కడ మొదటి రోజు నన్ను హోటలు మనిషి అనుకుని తువ్వాళ్ళు తెమ్మన్నారు.”

“అయితే మా అక్క. ఫోన్ చేసింది కదూ?”

“మీకో అక్క ఉందని ఇప్పుడే వింటున్నా.”

“మరింకెవరు?”

“చెప్పనని మాటిచ్చాను.”

“ఎవరికి?”

“అమ్మా... పొద్దున మీరు స్నానాల గదిలో అంతసేపు—”

“కళ్ళల్లో సబ్బు పడింది.”

“నాలుగు రోజులూ సబ్బేనా?”

“హోటలు సబ్బు. ఘాటెక్కువ.”

“ఇంట్లో కూడా ఇదే సబ్బుటగా.”

“ఎవరన్నారు? మా ఇంటి సంగతి మీకెలా... కుళాయి తిప్పి ఉంచుతాను ఆయమ్మా. ఎవరికీ వినపడదు. మా ఆయనకే తెలీదు.”

“వినపడేవాళ్ళకి వినపడుతుందమ్మా.”

“పెద్ద కష్టమేం లేదు నాకు. నవ్వుతారు చెప్తే. అన్నీ ఉన్నాయి, అందరూ మంచివాళ్ళే. అలా వస్తుంది, అంతే. ఎందుకో నాకే తెలీదు.”

“నేను నవ్వట్లేదమ్మా.”

“ఎవరో చెప్పండి. బస్సు మాట వెనక్కి తీసుకుంటున్నా. బతిమాలుతున్నా, చెప్పండి.”

“బస్సుకి భయపడి కాదు. మీరలా అడుగుతుంటే చూడలేక చెప్తున్నా. ఆవిడ లేచాక మాత్రం నా పేరు బయట పెట్టకండి.”

“ఆవిడా? లేవడమేంటి? ఇక్కడ నిద్రపోతోంది...”

“మొదటి రోజు మీరు సామాన్లు సర్దుకుంటుంటే పెద్దపాప నా చెయ్యి పట్టుకుని వరండా చివరిదాకా లాక్కెళ్ళిందమ్మా. ‘తమ్ముడి సంగతి నాకొదిలెయ్ ఆయమ్మా, వాడు ఏడిస్తే ఎందుకో నాకు తెలిసిపోతుంది. అమ్మ ఎందుకు ఏడుస్తుందో ఎంత చూసినా తెలీట్లేదు. నువ్వు అమ్మని చూసుకో’ అంది.”